ఒక్క స్టారుకి వెయ్యి జవాబులు

2013 మే 13, సోమవారం. అరిజోనా రాష్ట్రం, స్కాట్స్‌డేల్. షే బులవార్డ్ మీద దుకాణాల వరుసలో ఉన్న ఒక చిన్న బేకరీ రెస్టారెంట్ ఫేస్‌బుక్ పేజీలో జవాబుల మీద జవాబులు పడుతున్నాయి. ఊరూ పేరూ తెలియని ఎవరో వెక్కిరింపుగా ఒక ముక్క రాస్తారు. వెంటనే యజమానుల నుంచి ఎదురు ముక్క. ఇంకొకరు రాస్తారు, మళ్లీ ఎదురు ముక్క. చాలావరకు అన్నీ పెద్దక్షరాలే. ఇంగ్లిష్‌లో అలా రాస్తే గొంతు చించుకుని అరుస్తున్నట్టు లెక్క. వాటిలో తిట్లున్నాయి. దేవుడు మా పక్షాన ఉన్నాడన్న మాటలున్నాయి. రివ్యూల సైట్ యెల్ప్‌లో రాసేవాళ్ల మీదా, చర్చల సైట్ రెడిట్‌లో రాసేవాళ్ల మీదా కేసులు వేస్తామన్న బెదిరింపులున్నాయి. బెదిరించిన కొద్దీ జనం పెరిగారు. అరిజోనా ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.

మంగళవారం నాటికి బజ్‌ఫీడ్ వెబ్‌సైట్ ఈ తతంగాన్ని స్క్రీన్‌షాట్లతో సహా అచ్చేసి, ఫేస్‌బుక్‌లో ఏ వ్యాపారమూ తన పరువు ఇంత ఘనంగా తీసుకోలేదన్నంత శీర్షిక పెట్టింది. అదే రోజు ఆ పేజీలో ఇంకో ప్రకటన వెలువడింది. మా ఫేస్‌బుక్, యెల్ప్, ట్విటర్, వెబ్‌సైట్ అన్నీ హ్యాక్ అయ్యాయి, ఆ రాతలు మావి కావు, ఎఫ్‌బీఐ సహా అధికారులతో మాట్లాడుతున్నాం అని దాని సారాంశం. నమ్మినవాళ్లు తక్కువ. నవ్వినవాళ్లు ఎక్కువ.

ఆ హోటల్ పేరు ఎమీస్ బేకింగ్ కంపెనీ. యజమానులు ఎమీ బుజాగ్లో, సామీ బుజాగ్లో దంపతులు. వంటా, బేకింగూ ఆమెవి. పెట్టుబడి, గల్లాపెట్టె, హాలు ఆయనవి.

ఫీనిక్స్ శివారు చాండ్లర్‌లో ఉండే తెలుగువాళ్లకు ఆ చోటు దూరమేమీ కాదు. లూప్ 101 హైవే ఎక్కి ఉత్తరంగా పోతే, ట్రాఫిక్ లేనప్పుడు అరగంట. చిప్‌ల కంపెనీ ఇంటెల్ పుణ్యమా అని చాండ్లర్‌లో మనవాళ్లు బాగానే స్థిరపడ్డారు. వాళ్ల వెనకే ఇడ్లీ, దోసె, దమ్ బిర్యానీ కూడా వచ్చాయి. ఫీనిక్స్ చుట్టుపక్కల ఒక హోటల్ తెరిచిన మనిషికి మొదటి వారం ఎవరో ఒక స్టార్ కొట్టిన రాత్రి నిద్ర పట్టదు. ఆ రాత్రి ఫోన్ చేతిలో పట్టుకుని జవాబు టైపు చేసే ముందు అతను ఒక్కసారి తెలుసుకోవాల్సిన కథ ఇది. సాక్ష్యం కెమెరాల్లో ఉంది, స్క్రీన్‌షాట్లలో ఉంది. నేను కల్పించేదేమీ లేదు.

*

కథ టీవీతో మొదలుకాలేదు. అంతకు మూడేళ్ల ముందు, 2010లో, యెల్ప్‌లో ఒక స్థానికుడు ఈ హోటల్ పిజ్జా గురించి ఒక స్టార్ రివ్యూ రాశాడు. పిజ్జా బాగోలేదన్నాడు. హోటల్ వ్యాపారంలో ఇది వాన పడ్డం లాంటిది. ఎప్పుడో అప్పుడు పడుతుంది. యెల్ప్ అప్పటికి ఏడాది కిందటే, 2009లో, యజమానులు రివ్యూ కిందే బహిరంగంగా జవాబు రాసుకునే సౌకర్యం ఇచ్చింది. ఎమీ ఆ సౌకర్యాన్ని వాడుకుంది. పిజ్జాలో లోపం లేదు, లోపమంతా తిన్నవాడిలోనే ఉందన్న ధోరణిలో, వ్యక్తిగతంగా మీదికి వెళ్తూ పొడుగాటి జవాబు రాసింది. రివ్యూ రాసినవాడిని ఎవరూ పట్టించుకోలేదు. జవాబు మాత్రం స్థానిక వారపత్రిక ఫీనిక్స్ న్యూ టైమ్స్ దాకా వెళ్లింది.

ఇక్కడే వాళ్లు ఆగి ఉండొచ్చు. ఆగలేదు. రివ్యూ రాసేవాళ్లంతా కక్ష కట్టిన ముఠా అన్న నమ్మకం వాళ్లలో గట్టిపడింది. ఆ ముఠా నోరు మూయించడానికి వాళ్లకు ఒక సాక్షి కావాలి. ఎవరూ కాదనలేని సాక్షి.

చెఫ్ గోర్డన్ రామ్సే పేరు తెలియని హోటల్ యజమాని అమెరికాలో ఉండడు. ఫాక్స్ చానల్‌లో ‘కిచెన్ నైట్‌మేర్స్’ అనే కార్యక్రమం చేసేవాడు. మునిగిపోతున్న హోటల్‌కి వెళ్తాడు, వండినవి తింటాడు, యజమానిని నాలుగు తిడతాడు, మెనూ మారుస్తాడు, గోడలకు రంగులు వేయిస్తాడు, కౌగిలించుకుని వెళ్లిపోతాడు. పిలిచేవాళ్లంతా కాపాడమని పిలిచేవారు. బుజాగ్లో దంపతులు పిలిచింది అందుకు కాదు. ఇంటర్నెట్‌లో మమ్మల్ని వేధిస్తున్నారు, మా తిండి మంచిదని నువ్వు చెప్పు అని పిలిచారు. వైద్యుడిని పిలిచి మందు వద్దు, ఆరోగ్యంగా ఉన్నట్టు సర్టిఫికెట్ ఇవ్వు అన్నట్టుగా ఉంది వ్యవహారం.

రామ్సే వచ్చాడు. న్యాయంగా చెప్పాలంటే మొదట మెచ్చుకున్నాడు. వంటగది శుభ్రంగా ఉందన్నాడు. కేకు బాగుందన్నాడు. ఆ తర్వాత భోజనానికి కూర్చున్నాడు. పిజ్జా మధ్యలో పిండి ఉడకలేదు. రావియోలీ చేత్తో చేసింది కాదు, బయట కొన్నది. ఒక్కో ప్లేటు వెనక్కి వెళ్తుంటే యజమానుల ముఖాలు మారిపోయాయి.

ఆ ఎపిసోడ్‌లో మూడు దృశ్యాలు చూసినవాళ్లకు ఇప్పటికీ గుర్తుంటాయి. ఒకటి, పిజ్జా కోసం గంటకు పైగా ఎదురుచూసిన కస్టమర్ విసిగి లేచి వెళ్లబోతుంటే, ముందు డబ్బులు కట్టి వెళ్లమని సామీ అడ్డుపడి గొడవకు దిగడం. రెండోది, ఒక చిన్న వెయిట్రెస్. ప్లేటు ఫలానా టేబుల్‌కి పట్టుకెళ్లమంటే, సరేనా అని నిర్ధారణ కోసం ఒక మాట అడిగింది. అంతే, అక్కడికక్కడే ఉద్యోగం పోయింది. ఏడుస్తూ వెళ్లిపోయింది. మూడోదే అసలు దెబ్బ. కస్టమర్లు వెయిట్రెస్‌ల కోసం వదిలే టిప్పులు సామీ తీసుకుంటున్నాడన్న సంగతి కెమెరా ముందు బయటపడింది.

అమెరికాలో ఉంటున్నవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, ఇండియాలో చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట. అక్కడ హోటల్లో వడ్డించేవాళ్ల జీవనంలో టిప్పుదే పెద్ద వాటా. పిజ్జా పచ్చిగా ఉందంటే జనం క్షమిస్తారు. వడ్డించిన పిల్ల చేతిలోంచి డబ్బు లాక్కున్నాడంటే క్షమించరు. జీతమే ఎక్కువిస్తున్నాం కాబట్టి టిప్పులు మావే అన్నది దంపతుల వాదన. అప్పటికి చట్టంలో దానిమీద వాదప్రతివాదాలకు చోటుండేది కూడా. 2018 మార్చిలో అమెరికా కాంగ్రెస్ ఆ సందు మూసేసింది. జీతం ఎంతిచ్చినా సరే, యజమాని గానీ మేనేజర్ గానీ ఉద్యోగుల టిప్పులు ఉంచుకోకూడదు.

చివరికి రామ్సే చేతులెత్తేశాడు. వంద హోటళ్ల దాకా చూసినవాడు, వీళ్లకు సాయం చేయడం నా వల్ల కాదని వెళ్లిపోవడం అదే మొదటిసారి. మే 10, శుక్రవారం రాత్రి ఆ ఎపిసోడ్ ప్రసారమైంది. శని, ఆదివారాల్లో రెడిట్ నుంచీ, యెల్ప్ నుంచీ జనం హోటల్ పేజీ మీదికి వచ్చి పడ్డారు. సోమవారం ఏం జరిగిందో పైన చెప్పాను.

*

ఆ గుంపు గురించి కూడా నిజం చెప్పుకోవాలి. స్టార్లు కొట్టినవాళ్లలో ఎక్కువమంది ఆ హోటల్ గడప తొక్కలేదు. టీవీ చూసి, కోపం వచ్చి, కెనడాలోనో కాన్సాస్‌లోనో కూర్చుని ఒక స్టార్ నొక్కారు. తినకుండా రాసిన రివ్యూ రివ్యూ కాదు, రాయి. వార్తల్లోకెక్కిన వ్యాపారాల పేజీల మీద యెల్ప్ ఇప్పుడు హెచ్చరిక బోర్డు పెట్టి, కొంతకాలం కొత్త రాతలను ఆపుతోందంటే ఇలాంటి అనుభవాల వల్లే. దంపతులు తమను వేధిస్తున్నారని మొత్తుకున్నారు కదా, 2010లో అది అతిశయోక్తి. 2013 మేలో అక్షరాలా నిజమైంది. కాకపోతే దాన్ని తయారు చేసుకున్నది వాళ్లే.

వాళ్ల పొరపాటు ఎక్కడుందంటే, నా లెక్కలో, తిట్టడంలో కాదు. తాము ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసుకోకపోవడంలో. రివ్యూ రాసినవాడు ఎలాగూ పోయాడు, మళ్లీ రాడు. ఆ జవాబు చదివేది రేపు శనివారం పిల్లలతో ఎక్కడికి వెళ్దామా అని ఫోన్ తిరగేస్తున్న ఇంకో మనిషి. ఆమెకు పాత కస్టమర్ ఎవరో తెలియదు, ఆ పిజ్జా నిజంగా ఎలా ఉందో తెలియదు. తెలిసేదల్లా, ఇక్కడ ఏదైనా తేడా వస్తే ఈ యజమాని నాతో ఎలా మాట్లాడతాడు అన్నదే. బుజాగ్లో దంపతులు వెయ్యిమందికి జవాబిచ్చారు. ఈవిడకు మాత్రం ఇవ్వలేదు.

మే 21, మంగళవారం హోటల్ మళ్లీ తెరిచారు. పబ్లిక్ రిలేషన్స్ కంపెనీని పెట్టుకున్నారు. విలేకరులు, కెమెరాలు, చూడ్డానికి వచ్చిన జనం. ప్రచారం ఎలాంటిదైనా వ్యాపారానికి మంచిదే అనేవాళ్లకు ఇది ఉదాహరణలా కనిపించొచ్చు. హోటల్ వెంటనే మూతపడలేదు కూడా. అయితే వింత చూడ్డానికి వచ్చినవాడు ఒకసారే వస్తాడు. హోటల్‌ని నిలబెట్టేది ప్రతి గురువారం వచ్చి అదే టేబుల్ దగ్గర కూర్చునేవాడు. 2014 ఏప్రిల్‌లో అదే కార్యక్రమం ఎమీస్ దగ్గరికి తిరిగి వెళ్లింది. ఈసారి రామ్సే హోటల్లో అడుగుపెట్టలేదు, ఒక విలేకరిని పంపారు. దంపతులు తమ వైఖరి మార్చుకోలేదు. 2015 సెప్టెంబర్‌లో హోటల్ మూసేశారు. మూతకు టీవీ కార్యక్రమం కారణం కాదని వాళ్లు చెప్పుకున్నారు. కావచ్చు. ఆ పేరు తలిస్తే మాత్రం జనానికి గుర్తొచ్చేది కేకు కాదు, ఆ పెద్దక్షరాలే.

*

తిట్టకుండా, పెద్దమనిషి తరహాలో కోర్టుకెళ్తే సరిపోయేదా? ఆ ప్రయోగం కూడా ఈ ఫీనిక్స్ ప్రాంతంలోనే జరిగింది. స్కాట్స్‌డేల్‌కే చెందిన డెజర్ట్ పామ్ సర్జికల్ గ్రూప్‌ వైద్యులు తమ గురించి ఇంటర్నెట్‌లో రాసిన ఒక పేషెంట్ మీద పరువునష్టం దావా వేశారు. 2011లో జ్యూరీ ఇచ్చిన తీర్పు విని ఊరంతా నోరెళ్లబెట్టింది. ఆమె 1.2 కోట్ల డాలర్లు కట్టాలి. నాలుగేళ్లు తిరగలేదు, 2015 జనవరిలో అరిజోనా అప్పీల్ కోర్టు ఆ మొత్తం అంతరాత్మను కలవరపెట్టేంత ఎక్కువగా ఉందంటూ తీర్పును కొట్టేసి, మళ్లీ విచారించమంది. రివ్యూ మీద కోర్టుకెళ్లిన వ్యాపారికి ఇందులో ఒక పాఠముంది. గెలిచినట్టే కనిపించి ఏళ్ల తరబడి పత్రికల్లో ఉండాల్సి వస్తుంది. ఎవరూ చదవని రివ్యూను దేశమంతా చదివేలా చేసేది చాలాసార్లు దావానే.

పోనీ సైట్ మీద వేస్తే? చాండ్లర్‌కి ఆనుకుని ఉన్న టెంపీలో రిపాఫ్ రిపోర్ట్ ఉంది. 1998లో మొదలైంది. కస్టమర్ల ఫిర్యాదులు పెట్టుకునే చోటు. ఒకసారి పెట్టిన ఫిర్యాదును, రాసినవాడే వచ్చి తీసేయమన్నా తీసేయం అన్నది చాలాకాలం దాని సూత్రం. డబ్బు కట్టిన వ్యాపారాలకు మాత్రం పరువు సరిచేసుకునే ప్రత్యేక పథకం ఉండేది. దేశం నలుమూలల నుంచీ వ్యాపారులు వచ్చి ఆ కంపెనీ మీద కేసులు వేశారు, ఎక్కువభాగం ఓడిపోయారు. 1996లో చేసిన కమ్యూనికేషన్స్ డీసెన్సీ చట్టంలో 230వ సెక్షన్ దానికి కారణం. జనం రాసినదానికి రాసినవాడిదే బాధ్యత, చోటిచ్చిన సైట్‌ది కాదు అన్నది దాని సారం. యెల్ప్‌ని కాపాడేదీ, గూగుల్‌ని కాపాడేదీ అదే సెక్షన్.

ముందే నోరు కట్టేసే ఎత్తులు కూడా వేశారు వ్యాపారులు. కొనేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో, మా గురించి చెడ్డగా రాస్తే జరిమానా అన్న ఒక లైను. క్లియర్‌గేర్ అనే ఆన్‌లైన్ దుకాణం యూటా దంపతుల్ని ఇలాగే 3,500 డాలర్లు అడిగింది. ఆ గొడవ పెరిగి పెరిగి 2016 డిసెంబర్‌లో చట్టం దాకా వెళ్లింది. కస్టమర్ రివ్యూ రాయకూడదన్న షరతు, వ్యాపారి ముందే అచ్చేసి ఇచ్చే ఇలాంటి ఒప్పందంలో ఉంటే ఇప్పుడు చెల్లదు.

*

ఇక మన సంగతి.

కొత్త హోటల్ పెట్టిన మనవాడు మొదటి వారాంతం ఏం చేస్తాడో చాండ్లర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతాడు. “అన్నా, కొత్తగా ఓపెన్ చేశాం, ఒక ఫైవ్ స్టార్ కొట్టు.” “వదినా, మీరూ, పిల్లలూ కూడా.” హైదరాబాద్‌లో ఉన్న బావమరిది కొడతాడు, విజయవాడలో ఉన్న పిన్ని కొడుకు కొడతాడు. అదంతా అభిమానమే, కాదనను. అభిమానానికి ఇక్కడ ధర ఉంది. 2024 అక్టోబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, తిననివాడి చేత తిన్నట్టు రాయించడం నిషిద్ధం. డబ్బిచ్చి పొగిడించుకోవడం నిషిద్ధం. బంధుత్వం దాచిపెట్టి ఇంట్లోవాళ్ల చేత రాయించుకోవడమూ ఆ వలలోకే వస్తుంది. బెదిరించి చెడ్డ రివ్యూ తీయించడం కూడా. నిబంధన వచ్చేనాటికి ఒక్కో ఉల్లంఘనకు జరిమానా 51,744 డాలర్ల దాకా ఉంది. ఆ డబ్బుతో ఎన్ని నెలల అద్దె కట్టొచ్చో హోటల్ వాళ్లే లెక్కేసుకోవాలి.

జరిమానా దాకా ఎందుకు, సాఫ్ట్‌వేరే పట్టేస్తుంది. ముందెప్పుడూ ఏమీ రాయని ఖాతాలు రాసిన పొగడ్తలను యెల్ప్ నమ్మదు. ‘సిఫారసు చేయనివి’ అని పక్కకు నెట్టి, సగటులో కలపదు. అసలు కస్టమర్లను రివ్యూలు అడగడమే యెల్ప్‌కి ఇష్టం లేదు. గూగుల్ అడగనిస్తుంది, బదులుగా ఏదైనా ఇవ్వడాన్ని ఒప్పుకోదు. బాగుందన్నవాళ్లకే లింకు పంపి, బాగోలేదన్నవాళ్లను పక్కన పెట్టడాన్నీ ఒప్పుకోదు. ఫ్యాషన్ నోవా అనే బట్టల కంపెనీ నాలుగు స్టార్ల కంటే తక్కువ వచ్చినవాటిని తన సైట్‌లో కనిపించకుండా ఆపినందుకు 2022లో 42 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

ఇంత హడావుడి ఎందుకంటే, భయం ఊరికే పుట్టలేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన మైకేల్ లూకా 2011లో సియాటిల్ హోటళ్ల ఆదాయాన్నీ, యెల్ప్ స్టార్లనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగింది. మెక్‌డొనాల్డ్స్ లాంటి గొలుసు హోటళ్ల మీద ఆ ప్రభావం కనబడలేదు. సొంతంగా నడిపే హోటళ్ల మీదే కనబడింది. అంటే ఎక్కువ తగిలేది మనలాంటివాళ్లకే. కొత్త హోటల్‌కైతే మరీనూ. పది ఐదు స్టార్లు ఉన్నచోట ఒక్క ఒకటి పడితే సగటు 4.6కి పడిపోతుంది. ఆ ఒక్కటీ మోస్తూ 4.9కి చేరాలంటే మొత్తం ముప్ఫై తొమ్మిది ఐదులు కావాలి. కడుపు మండుతుంది మరి, నిజమే.

ఈ మంట మీదే ఒక వ్యాపారం నడుస్తోంది. దానికి చాండ్లర్‌లోనే చిరునామా ఉండేది. 2001లో పుట్టి, ఇన్ఫ్యూజన్‌సాఫ్ట్ అన్న పేరును 2019లో కీప్‌గా మార్చుకున్న కంపెనీ, చిన్న వ్యాపారాల తరఫున కస్టమర్లకు తనంతట తానే ఈమెయిళ్లు, మెసేజ్‌లు పంపే సాఫ్ట్‌వేర్ అమ్ముతూ ఇక్కడే ఎదిగింది. 2024లో దాన్ని థ్రైవ్ అనే కంపెనీ 8 కోట్ల డాలర్లకు కొనేసింది. థ్రైవ్ మూలాలు ఎక్కడున్నాయో తెలుసా? ఎల్లో పేజెస్‌లో. ఒకప్పుడు ప్లంబర్ల ఫోన్ నంబర్లు అచ్చేసిన పుస్తకాల వారసులు ఇప్పుడు అదే ప్లంబర్‌కి ఎవరు ఎన్ని స్టార్లు ఇచ్చారో చూసిపెడుతున్నారు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ తప్పని నేననను. పని పూర్తయ్యాక ఎలా ఉందండీ అని మర్యాదగా అడిగే మెసేజ్ మంచిదే. ఏ సాఫ్ట్‌వేరూ చేయలేనిది మాత్రం ఒకటుంది. పిజ్జా ఉడికించడం.

మరి జవాబివ్వకుండా ఉంటే మేలా? కాదు. డేవిడ్ ప్రొసెర్పియో, జార్జియోస్ జెర్వాస్ అనే ఇద్దరు పరిశోధకులు ట్రిప్‌అడ్వైజర్‌లో బస హోటళ్లను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. యాజమాన్యం జవాబులివ్వడం మొదలుపెట్టాక రివ్యూల సంఖ్య 12 శాతం పెరిగింది, రేటింగ్ సగటున 0.12 స్టార్ పెరిగింది. వాళ్లు గమనించిన ఇంకో విషయం నాకు మరింత ఆసక్తిగా అనిపించింది. చెడ్డ రివ్యూలు తగ్గాయి, కానీ వచ్చినవి పొడవయ్యాయి. యజమాని చదువుతాడని తెలిస్తే ఊరికే ఒక స్టార్ విసిరేసి పోయేవాడు వెనక్కి తగ్గుతాడు. నిజంగా బాధపడ్డవాడు మాత్రం వివరంగా రాస్తాడు. ఆ వివరం ఉచితంగా దొరికే తనిఖీ రిపోర్టు.

కాబట్టి జవాబు ఇవ్వాలి, ఆ రాత్రే కాకుండా తెల్లారి ఇవ్వాలి. ముందు వంటగదిలోకి వెళ్లి అడగాలి. శనివారం రాత్రి నిజంగానే గంట పట్టిందా? పట్టి ఉంటే, “శనివారం మీరు గంట ఆగాల్సి వచ్చింది. తందూర్ దగ్గర ఆ రోజు ఒక్కరే ఉన్నారు, అది మా లోపం. ఇకనుంచి వారాంతాల్లో ఇద్దరిని పెడుతున్నాం” అని మూడు ముక్కలు రాసి ఊరుకోవాలి. నిజంగా ఇద్దరిని పెట్టాలి కూడా. రివ్యూ అబద్ధమైతే, “ఆ రోజు మా హోటల్‌కి సెలవు, బహుశా మీరు వేరే చోటి గురించి రాస్తున్నారేమో, ఒకసారి ఫోన్ చేయండి” అంటే చాలు. చదివే మూడో మనిషికి విషయం అర్థమవుతుంది. ఫ్లాగ్ చేసే సౌకర్యం గూగుల్‌లోనూ ఉంది, యెల్ప్‌లోనూ ఉంది. కాస్త ఆలస్యమైనా అది చేసుకోవచ్చు. కస్టమర్ అందం, చదువు, కులం, జీతం, వాళ్లావిడ గురించి మాత్రం ఒక్క అక్షరం రాయకూడదు. నవ్వకండి, రాసేవాళ్లున్నారు.

ఒక మాట హోటల్ వాళ్ల తరఫున కూడా చెప్పాలి. మన తిండి తెలియని ఊళ్లో మన తిండి అమ్మడం తేలిక కాదు. గోంగూర పుల్లగా ఉందని రెండు స్టార్లు ఇచ్చేవాళ్లుంటారు. ఆవకాయ కారంగా ఉందని ఒకటి ఇచ్చేవాళ్లుంటారు. మనవాళ్లలోనే, మా గుంటూరులో ఇలా చేయరని గోంగూరకే పాఠం చెప్పేవాళ్లుంటారు. ఇలాంటివి చదివినప్పుడు ఒళ్లు మండినా, గోంగూర ఎందుకు పుల్లగా ఉంటుందో రెండు వాక్యాల్లో ఓపికగా చెప్పిన యజమానిని చూసి, ఆ పులుపు కోసమే వెళ్లేవాళ్లు ఎదురవుతారు. ఆ రివ్యూ అప్పుడు ఉచిత ప్రకటన అవుతుంది.

బుజాగ్లో దంపతులకు కూడా ఆ అవకాశం ఉండింది. 2010లో పిజ్జా బాగోలేదన్నవాడికి, ఇంకోసారి రండి, దగ్గరుండి చేసి పెడతాను అని ఒక్క లైను రాసి ఉంటే, వాళ్ల పేరు స్కాట్స్‌డేల్ దాటేది కాదు. ఆ ఒక్క లైను వాళ్ల చేత కాలేదు, అంతే. వంట లోపం కన్నా, టిప్పుల లోపం కన్నా అదే పెద్ద లోపమని నా అభిప్రాయం. ఎందుకంటే మిగతా రెండూ దిద్దుకునే దారి దాన్లోంచే పోతుంది.

చివరగా, హోటల్ నడపనివాళ్లకు, అంటే మనలో ఎక్కువమందికి. చాండ్లర్‌లో అయినా, చీరాలలో అయినా రివ్యూ రాసేటప్పుడు ఏ రోజు వెళ్లారో, ఏం తిన్నారో, ఎంతసేపు ఆగారో రాయండి. బాగోలేకపోతే లేచి వెళ్లేముందు కౌంటర్ దగ్గర ఒక మాట చెప్పండి, సరిదిద్దుకుంటే అది కూడా రాయండి. టీవీలో చూసి, వాట్సాప్‌లో విని, మనవాళ్లని ఐదు, కానివాళ్లని ఒకటి మాత్రం కొట్టకండి. తిన్నాకే రాయండి.